బోర్డు నోరు విప్పేదాకా

(ఆ రోజు రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడింది మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినిపిస్తోందా? కొంచెం ముందుకి జరగండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ఎలాగూ చివర్లో ఈ బల్ల దగ్గరికి లేచి రావాల్సిందే మీరంతా.

ఉద్యోగం చేస్తున్నవాళ్లకి నేను చెప్పబోయే సంగతి తెలిసిందే, ఇంకా చదువుకుంటున్నవాళ్లకి త్వరలో తెలుస్తుంది. ప్రాసెసర్, మెమరీ ఉన్న కొత్త సర్క్యూట్ బోర్డు తయారై వచ్చింది. ప్యాకెట్ విప్పారు, పవర్ ఇచ్చారు, ఎర్ర ఎల్‌ఈడీ వెలిగింది. అంతే. డిస్‌ప్లే లేదు, నెట్‌వర్క్ లేదు. ల్యాప్‌టాప్‌లో నల్లటి టెర్మినల్ విండో, మూలన కర్సర్ కొట్టుకుంటోంది. పది సెకన్లయింది, నిమిషమయింది, ఒక్క అక్షరం రాలేదు. మేనేజర్ వచ్చి భుజం మీదుగా తొంగిచూసి "ఏమైంది, బూట్ అయిందా?" అని అడుగుతాడు. ఏం చెప్తారు? బోర్డు చచ్చిపోయిందా, బతికే ఉంది గానీ మాట్లాడలేకపోతోందా, లేక మాట్లాడుతూనే ఉంది, మనకే వినపడట్లేదా? మూడింట్లో ఏదైనా సరే, బయటికి కనిపించేది ఆ నల్లటి విండోనే.

ఈ గంటసేపు నేను చెప్పాలనుకున్నది రెండు అక్షరాల గురించి. బోర్డు నుంచి వచ్చే మొదటి అక్షరం, ఆగిపోయే ముందు వచ్చే ఆఖరి అక్షరం. మొదటిదాన్ని ఎంత తొందరగా రప్పించగలం? ఆఖరిదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? బోర్డు లేపే పనిలో నేను పోగొట్టుకున్న రోజులన్నీ ఈ రెండు ప్రశ్నల దగ్గర పోయినవే, అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు వైర్ల సంగతి తేల్చేద్దాం. బోర్డు మన ల్యాప్‌టాప్‌తో మాట్లాడేది సీరియల్ లైన్ మీద, అంటే ఒక్కో బిట్టుగా అక్షరాలు పంపుతూ. దానికి మూడు వైర్లు చాలు. గ్రౌండ్, బోర్డు మాట్లాడే టీఎక్స్, బోర్డు వినే ఆర్ఎక్స్. బోర్డు టీఎక్స్ మన కేబుల్ ఆర్ఎక్స్‌కి, మన టీఎక్స్ బోర్డు ఆర్ఎక్స్‌కి, అడ్డంగా మార్చి కలపాలి. కేబుల్లో నాలుగో వైరు ఎర్రది ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి, బోర్డుకి దాని పవర్ దానికి ఉంది. కాలేజీ ల్యాబుల్లో పాత కంప్యూటర్ల వెనక తొమ్మిది పిన్నుల పోర్టు ఉంటుంది చూశారా, అది ఆర్ఎస్-232. దాని మీద మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు ఒక స్థితి, ప్లస్ 3 నుంచి ప్లస్ 15 ఇంకో స్థితి. మన బోర్డు పిన్ను 3.3 వోల్టులది. ఆ తొమ్మిది పిన్నుల పోర్టు తెచ్చి నేరుగా ఈ పిన్నుకి కలిపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా? మధ్యలో వోల్టేజీ మార్చే చిప్ ఉండి తీరాలి, 3.3 వోల్టులకి పనిచేసే మ్యాక్స్3232 లాంటిది. లేదంటే 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ కేబుల్ తీసుకోండి, కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే దొరుకుతుంది, కొనేటప్పుడు 5 వోల్టులదా 3.3దా అని నోరు తెరిచి అడగండి, ఇంటికొచ్చాక మల్టీమీటర్ పెట్టి మళ్లీ చూడండి.

ఇంకో సంగతి, ఇది పుస్తకాల్లో తక్కువ కనిపిస్తుంది. బోర్డు పవర్ తీసేశారు, కానీ సీరియల్ కేబుల్ ల్యాప్‌టాప్‌కి గుచ్చే ఉంది. కేబుల్ టీఎక్స్ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు హైలో ఉంటుంది, అంటే 3.3 వోల్టులు. ఆ కరెంటు బోర్డు ఆర్ఎక్స్ పిన్నులోకి వెళ్లి, లోపల రక్షణ కోసం పెట్టిన డయోడ్ గుండా చిప్ పవర్ లైన్‌లోకి ఎక్కుతుంది. ఎల్‌ఈడీ వెలగదు, కానీ లోపల ఒక వోల్టో ఒకటిన్నరో మిగిలిపోతుంది, చిప్ పూర్తిగా ఆరిపోదు. మళ్లీ పవర్ ఇస్తే రీసెట్ సరిగ్గా జరగక బోర్డు వింతగా ప్రవర్తిస్తుంది. "పొద్దున ఆన్ చేస్తే లేస్తుంది సార్, ఆపి వెంటనే పెడితే లేవదు" అని ఎవరైనా అన్నారంటే నేను మొదట అడిగేది, ఆపినప్పుడు సీరియల్ కేబుల్ తీశావా అని.

సరే, వైర్లయ్యాయి. ఇప్పుడు ఆ వైరు మీద అక్షరం ఎలా పోతుందో ఒక్క అక్షరాన్ని పట్టుకుని దగ్గరగా చూద్దాం. మనం అందరం వాడే వేగం 115200. సెకనుకి 1,15,200 బిట్లు. ఒక్కో బిట్టుకి 8.68 మైక్రోసెకన్లు. లైను ఖాళీగా ఉంటే హైలో ఉంటుంది. అక్షరం మొదలవుతోందని చెప్పడానికి ఒక్క బిట్టు కాలం లోకి పడుతుంది, అదే స్టార్ట్ బిట్. తర్వాత ఎనిమిది బిట్లు, చిన్న బిట్టు ముందు, పెద్ద బిట్టు ఆఖర్న. తర్వాత హైకి వెళ్తే స్టాప్ బిట్. మొత్తం పది. అంటే ఒక్క అక్షరానికి దాదాపు 87 మైక్రోసెకన్లు. ఈ 87 గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

కొత్త బోర్డు మీద మీరు పంపే మొదటి అక్షరం ఏది? చాలామంది హలో వరల్డ్ అలవాటుతో హెచ్ పంపుతారు. నేను ఇంగ్లిష్ యూ అక్షరం పంపుతాను, పెద్ద యూ. ఎందుకు? దాని కోడ్ హెక్స్‌లో 55. బైనరీలో 01010101. చిన్న బిట్టు ముందు పంపితే 1 0 1 0 1 0 1 0. దాని ముందు స్టార్ట్ బిట్ 0, ఆఖర్న స్టాప్ బిట్ 1. చూశారా? 0 1 0 1 0 1 0 1 0 1. ఆపకుండా యూలు పంపుతూ ఉంటే ఆసిలోస్కోప్ మీద అచ్చంగా స్క్వేర్ వేవ్ వస్తుంది. ఒక్క మెట్టు వెడల్పు కొలవండి. 8.68 మైక్రోసెకన్లు వస్తే మీ క్లాక్ లెక్క సరైనది. 17.36 వచ్చిందా? మీ యూఆర్ట్‌కి, అంటే చిప్‌లో ఈ సీరియల్ అక్షరాలు పంపే భాగానికి, అందుతున్న క్లాక్ మీరు అనుకున్నదాంట్లో సగమే. టెర్మినల్‌లో ఏమీ అర్థంకాని చెత్త కనిపిస్తున్నా స్కోప్ మీద ఈ ఒక్క అక్షరం జవాబు చెప్పేస్తుంది.

చెత్త అన్నాను కాబట్టి చెప్తాను, చెత్త వచ్చిందంటే బెంగపడకండి, సంతోషించండి. నిశ్శబ్దం కంటే చెత్త వంద రెట్లు మేలు. అంటే చాలాసార్లు ప్రాసెసర్ నడుస్తోంది, పిన్ను సరైనదే, వేగం ఒక్కటే తేడా. వినేవైపు చిప్ స్టార్ట్ బిట్ అంచు దగ్గర తన గడియారం సరిచేసుకుని, ప్రతి బిట్టునీ మధ్యలో చూస్తుంది. పదో బిట్టు వచ్చేసరికి అర బిట్టు జరిగితే తప్పు చదువుతుంది. అంటే రెండు వైపులా కలిపి తేడా 5 శాతం దాటకూడదు, నేనైతే 2 శాతం లోపలే ఉంచుతాను. రాస్ప్‌బెర్రీ పై 3 మీద చాలామందికి ఇదే తగిలింది. అందులో మంచి యూఆర్ట్‌ని బ్లూటూత్‌కి ఇచ్చేసి, పిన్నుల మీదకి మినీ యూఆర్ట్ అనే చిన్నదాన్ని ఇచ్చారు. దాని వేగం కోర్ క్లాక్ మీద ఆధారపడి ఉంటుంది, కోర్ క్లాక్ పని ఒత్తిడిని బట్టి మారుతుంది, దాంతో మీ అక్షరాలూ పాడవుతాయి. కాన్ఫిగ్ ఫైల్లో ఎనేబుల్ యూఆర్ట్ ఈక్వల్స్ వన్ అని పెడితే కోర్ క్లాక్‌ని ఒక్కచోట కట్టేస్తుంది, అప్పుడు అక్షరాలు కుదురుగా వస్తాయి. కొన్ని రాక్‌చిప్ బోర్డులైతే 115200 కాదు, 15 లక్షల వేగంతో మాట్లాడతాయి. కేబుల్‌లో ఉన్న చిప్ అంత వేగం తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి.

ఎంతమంది బీగల్‌బోన్ బ్లాక్ వాడారు? చేతులెత్తండి. ఓ, సగం మందికి పైనే. మంచిది, దాన్నే ఉదాహరణగా తీసుకుందాం, ఈ బల్ల మీద ఉన్నదీ అదే.

మొదటి అక్షరం

బీగల్‌బోన్‌లో ఉన్నది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఏఎం335ఎక్స్ చిప్. పవర్ ఇవ్వగానే నడిచేది మీ కోడ్ కాదు, చిప్ లోపల ఫ్యాక్టరీలో కాల్చేసిన రోమ్, అదే బూట్ రోమ్. గుర్తుంచుకోండి, డీడీఆర్, అంటే చిప్ బయట ఉండే పెద్ద మెమరీ, ఇంకా లేవలేదు. రోమ్ వెళ్లి బోర్డు మీదే ఉండే ఫ్లాష్ స్టోరేజ్ ఈఎంఎంసీలోనో ఎస్‌డీ కార్డులోనో ఎంఎల్ఓ అనే చిన్న ఫైల్ వెతుకుతుంది, దాన్ని చిప్ లోపలే ఉన్న చిన్న మెమరీ ఎస్‌ర్యామ్‌లోకి ఎత్తుతుంది. ఆ ఎంఎల్ఓనే యూబూట్ ఎస్‌పీఎల్, అంటే కెర్నల్‌ని లేపే యూబూట్ అనే బూట్‌లోడర్‌కి చిన్న మొదటి ముక్క. అది డీడీఆర్‌ని లేపి, అసలు యూబూట్‌ని అందులో పెడుతుంది. యూబూట్ లినక్స్ కెర్నల్‌ని పెడుతుంది. మనుషులు ఒకరి చేతిలోంచి ఒకరికి ఇటుకలు అందించినట్టు. ఏ చేతి దగ్గర ఇటుక జారిందో మనకి చెప్పేది ఈ ఒక్క వైరే.

ఎక్కడా ఏమీ దొరక్కపోతే బూట్ రోమ్ ఏం చేస్తుందో తెలుసా? సీరియల్ లైన్ మీద సీ సీ సీ సీ అని పంపుతూ కూర్చుంటుంది. సీ అంటే, సీరియల్ లైన్ మీద ఫైళ్లు పంపే ఎక్స్‌మోడెమ్ పద్ధతి భాషలో, ఫైల్ పంపించు, తప్పులు పట్టుకునే సీఆర్‌సీ లెక్కతో పంపించు అని అడగడం. కొత్తవాళ్లు దాన్ని చూసి బోర్డు పాడైందనుకుంటారు. పాడవలేదు బాబూ, అడుగుతోంది! పవర్ బాగుంది, క్రిస్టల్ నడుస్తోంది, రోమ్ నడుస్తోంది, యూఆర్ట్ నడుస్తోంది, కేబుల్ బాగుంది, వేగం సరిపోయింది, నాకు బూట్ అవ్వడానికి ఫైల్ దొరకలేదు అని ఇంత సంగతి ఆ ఒక్క అక్షరంలో ఉంది.

ఫైల్ దొరికింది, ఎస్‌పీఎల్ మొదలైంది, కానీ ఎస్‌పీఎల్ లోపల ఎక్కడో ఆగింది అనుకుందాం. సీ భాషలో మాటలు ప్రింట్ చేసే ఫంక్షన్ ప్రింట్ఎఫ్ పెడదామా? ప్రింట్ఎఫ్‌కి ఏం కావాలి? స్టాక్ కావాలి. గ్లోబల్ వేరియబుల్స్ సిద్ధంగా ఉండాలి. యూబూట్‌లో అయితే డివైస్ ట్రీ, అంటే బోర్డు మీద ఏమేం ఉన్నాయో రాసిన జాబితా, చదివి, సీరియల్ డ్రైవర్ లేచి, కన్సోల్ మొదలైతే తప్ప ప్రింట్ఎఫ్ బయటికి రాదు. బోర్డు ఆగింది దానికంటే ముందు అయితే? అంటే ఇంటికి నిప్పంటుకుంటే ఫోన్ కనెక్షన్ కోసం అప్లికేషన్ పెట్టుకున్నట్టు అవుతుంది మన పని. అక్కడ కావాల్సింది ప్రింట్ఎఫ్ కాదు. ఒక్క రిజిస్టర్‌లోకి ఒక్క బైట్ రాయడం. దానికి మెమరీ అక్కర్లేదు, స్టాక్ అక్కర్లేదు, ఇంటరప్ట్‌లు అసలే అక్కర్లేదు. అసెంబ్లీలో నాలుగైదు ఇన్‌స్ట్రక్షన్లు. అడ్రస్ ఒక రిజిస్టర్‌లో వేసుకో, ఖాళీ ఉందా అని స్టేటస్ చూడు, లేకపోతే మళ్లీ చూడు, ఉంటే అక్షరం పడెయ్యి.

ఏఎం335ఎక్స్‌లో యూఆర్ట్ సున్నా అడ్రస్ హెక్స్‌లో 44ఈ09000. అక్కడ రాస్తే అక్షరం బయటికి పోతుంది. దానికి హెక్స్ 14 దూరంలో లైన్ స్టేటస్ రిజిస్టర్, అందులో, సున్నా నుంచి లెక్కపెడితే, అయిదో బిట్టు చూస్తే ఖాళీ ఉందో లేదో తెలుస్తుంది. ఇంతేనా? ఇంతే, కానీ దానికి ముందు తలుపులు తెరిచి ఉండాలి. ఆ యూఆర్ట్ మాడ్యూల్‌కి క్లాక్ ఇవ్వాలి, ఇవ్వకుండా రిజిస్టర్ ముట్టుకుంటే అబార్ట్ వచ్చి అక్కడే కూలిపోతుంది. ఏ పిన్ను ఏ పని చేయాలో చెప్పే పిన్‌మక్స్‌లో ఆ పిన్నుని యూఆర్ట్‌కి కేటాయించాలి. వేగం కోసం డివైజర్ వేయాలి, ఇక్కడ వచ్చే క్లాక్ 48 మెగాహెర్ట్జ్, 16 తో భాగించి 26 తో భాగిస్తే 1,15,385 వస్తుంది, తేడా 0.16 శాతం, భేషుగ్గా సరిపోతుంది. ఇంకొకటి, టీఐ చిప్పుల్లో ఎండీఆర్1 అనే మోడ్ రిజిస్టర్ ఉంటుంది, రీసెట్ తర్వాత దాని విలువ 7, అంటే యూఆర్ట్ ఆపేసి ఉంది అని. దాన్ని సున్నా చేస్తేనే యూఆర్ట్ లేస్తుంది. 16550 అనే మామూలు రకం యూఆర్ట్ కోడ్ తెచ్చి ఇక్కడ పెట్టినవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు. అన్నీ సరిగ్గా చేశాం, అక్షరం రాదు. ఆ ఒక్క రిజిస్టర్ కోసం రెండు రాత్రులు కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

యూబూట్‌లో ఇదంతా చేతితో రాయక్కర్లేకుండా ఒక సదుపాయం ఉంది. డీబగ్ యూఆర్ట్ అనే కాన్ఫిగ్ ఆప్షన్. అడ్రస్, క్లాక్ రెండూ కంపైల్ చేసేటప్పుడే అంకెలుగా ఇచ్చేస్తారు. డివైస్ ట్రీ లేదు, డ్రైవర్ మోడల్ లేదు. డీబగ్ యూఆర్ట్ ఇనిట్ అనే ఫంక్షన్ పిలిచిన క్షణం నుంచి ప్రింట్‌సీహెచ్ అని ఒక్క అక్షరం, ప్రింట్‌హెక్స్8 అని ఒక 32 బిట్ల అంకె బయటికి పంపుకోవచ్చు. అనౌన్స్ అనే ఆప్షన్ కూడా పెడితే లేవగానే డీబగ్ యూఆర్ట్ అని తన పేరు ప్రింట్ చేస్తుంది. కొత్త బోర్డు మీద ఏ పనీ మొదలుపెట్టకముందే దీన్ని పెట్టుకోండి. సమస్య వచ్చాక కాదు, ముందే. డీడీఆర్ లేవకపోతే అప్పుడు చూద్దాంలే అంటారు, అప్పటికి దీన్ని పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు.

అక్షరం కూడా పంపలేని పరిస్థితి అయితే? యూఆర్ట్‌కి క్లాకే లేదు అనుకుందాం. అప్పుడు ఒక జీపీఐఓ పిన్ను, అంటే కోడ్‌తో నేరుగా ఆడించగల పిన్ను, పైకీ కిందకీ ఆడించండి, లాజిక్ అనలైజర్ పెట్టి చూడండి. ఒకసారి ఆడితే మొదటి మెట్టు దాటాం, రెండుసార్లు ఆడితే రెండోది. అంతకంటే చిన్న ఆధారం ఇంకోటి లేదు.

ఆఖరి అక్షరం

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగం, చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్న భాగం కూడా. ఒక బోర్డు మీద పని చేస్తున్నాను. మెట్టు మెట్టుకీ ఒక అక్షరం పెట్టాను, ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్. పవర్ ఇస్తే టెర్మినల్ మీద ఏబీసీ వచ్చి ఆగింది. మీరైతే ఏమనుకుంటారు? సీకీ డీకీ మధ్య ఆగింది అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. ఆ మధ్యలో ఉన్నది పవర్ చిప్‌తో మాట్లాడే కోడ్. రెండు రోజులు ఆ కోడ్ మీద పడ్డాను. ప్రతి లైను చదివాను, డేటాషీట్‌లో టైమింగ్ చూశాను, హార్డ్‌వేర్ అతన్ని పిలిచి కెపాసిటర్లు మార్పించాను. ఏమీ మారలేదు. ఏబీసీ, ఏబీసీ, ఏబీసీ.

మూడో రోజు జీపీఐఓ ఆడించి చూస్తే, డీ దాటింది, ఈ కూడా దాటింది, ఎఫ్ దగ్గరికి వెళ్లిపోయింది ప్రాసెసర్! మరి డీ, ఈ ఏమయ్యాయి? ఇప్పుడు ఆ 87 మైక్రోసెకన్లు గుర్తుతెచ్చుకోండి. ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి 87 మైక్రోసెకన్లంటే 87 వేల సైకిళ్లు. ఒక్క అక్షరం వైరు మీద పూర్తిగా వెళ్లేలోపు ప్రాసెసర్ 87 వేల సైకిళ్ల పని చేసేస్తుంది. మనం అక్షరం రాశామంటే అది బయటికి వెళ్లిందని కాదు, యూఆర్ట్ లోపల ఫిఫోలో, అంటే ఒక చిన్న క్యూలో నిలబడింది అని. నా కోడ్ ఫిఫోలో జాగా ఉందా అని మాత్రమే చూసి పడేసేది. ఆ ఫిఫోలో 16 అక్షరాలు పడతాయి. డీ, ఈ రెండూ క్యూలో నిలబడి ఉన్నాయి, వాటి వంతు రాకముందే ప్రాసెసర్ ఈ దాటేసి తర్వాతి మెట్టుకి వెళ్లి పీఎల్ఎల్, అంటే క్లాక్‌లు తయారుచేసే సర్క్యూట్, మార్చింది. యూఆర్ట్‌కి క్లాక్ వచ్చేది ఆ పీఎల్ఎల్ నుంచే. క్లాక్ పోయింది, క్యూలో ఉన్న డీ, ఈ అక్కడే పోయాయి. తప్పు పీఎల్ఎల్ సెట్టింగులో ఉంది. నేను రెండు రోజులు తవ్విన కోడ్‌లో ఏ తప్పూ లేదు.

అర్థమైందా ఎక్కడ మోసపోయామో? టెర్మినల్ మీద కనిపించే ఆఖరి అక్షరం, ప్రాసెసర్ చేరుకున్న ఆఖరి చోటు కాదు. కనీసం అక్కడిదాకా వచ్చింది అని మాత్రమే అది చెప్తుంది. ఇంకా ఎంత ముందుకి వెళ్లిందో చెప్పదు. వాచ్‌డాగ్, అంటే కోడ్ ఇరుక్కుపోతే రీసెట్ చేసే టైమర్, రీసెట్ చేసినా ఇదే, మనమే రీసెట్ రాసినా ఇదే, కెర్నల్ కూలేటప్పుడు కొన్నిసార్లు ఆఖరి లైను సగంలో తెగిపోవడమూ ఇదే.

మందు చిన్నదే. 16550 రకం యూఆర్ట్‌లో లైన్ స్టేటస్ రిజిస్టర్‌లో రెండు బిట్లు పక్కపక్కనే ఉంటాయి. అయిదో బిట్టు, కొత్త అక్షరం రాసుకోవచ్చు అంటుంది. ఆరో బిట్టు, నా దగ్గర ఏమీ మిగల్లేదు, ఆఖరి బిట్టు కూడా వైరు మీదకి వెళ్లిపోయింది అంటుంది. డీబగ్ కోసం మెట్ల అక్షరాలు పెట్టేటప్పుడు, రాశాక ఆరో బిట్టు వచ్చేదాకా ఆగండి. అక్షరానికి 87 మైక్రోసెకన్లు ఖర్చు, పోతే పోనీ. క్లాక్ ముట్టుకునే ముందు, రీసెట్ రాసే ముందు ఎలాగూ ఆగాలి. అప్పుడు ఆఖరి అక్షరం మీద ప్రమాణం చేయొచ్చు మీరు.

ఒక అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా. ప్రాసెసర్ లోపలికి నేరుగా చూసే డీబగ్ పోర్టు జేటాగ్ ఉండగా ఇదంతా ఎందుకు అని అడుగుతోంది. మంచి ప్రశ్న. జేటాగ్ ఉంటే తప్పకుండా వాడండి, ప్రాసెసర్‌ని ఆపి, ఇప్పుడు ఎక్కడ ఉందో చూడొచ్చు. కానీ ఇక్కడికి ఎలా వచ్చింది, దారిలో ఏం జరిగింది అనేది సీరియల్ లాగ్ చెప్తుంది. పైగా అమ్మకానికి వెళ్లే బోర్డుల మీద జేటాగ్ కనెక్టర్ తీసేస్తారు, లేదా చిప్ లోపలి ఫ్యూజ్ కాల్చి మూసేస్తారు. ఫీల్డ్‌లో వెయ్యి బోర్డుల్లో ఒక్కటి రాత్రి రెండింటికి చస్తుంటే అక్కడ జేటాగ్ పట్టుకుని ఎవరు కూర్చుంటారు?

ఇక కెర్నల్. స్టార్టింగ్ కెర్నల్ అని మూడు చుక్కలు పెట్టి నిశ్శబ్దం. ఈ నిశ్శబ్దం ఎంతమంది చూశారు? అందరూ! ఇక్కడ మొదట తెలుసుకోవాల్సింది, చాలాసార్లు కెర్నల్ ఆగలేదు, మాట్లాడుతూనే ఉంది. కన్సోల్ పేరు తప్పు. బీగల్‌బోన్‌లో పాత డ్రైవర్‌తో సీరియల్ పేరు టీటీవై-ఓ-సున్నా, తర్వాతి 8250 డ్రైవర్‌తో టీటీవై-ఎస్-సున్నా. కెర్నల్ మార్చారు, బూట్ ఆర్గ్యుమెంట్స్, అంటే యూబూట్ కెర్నల్‌కి అందించే సెట్టింగుల లైను, మార్చడం మర్చిపోయారు. బోర్డు పూర్తిగా లేచి లాగిన్ దాకా వెళ్లి కూర్చుంది, మనం మాత్రం కెర్నల్ చచ్చిందని సోర్స్ తవ్వుతున్నాం. పింగ్ చేసి చూడండి ముందు.

నిజంగానే తొందరగా చచ్చిపోతే? మామూలు కన్సోల్ డ్రైవర్ లేచేది చాలా ఆలస్యంగా. అప్పటిదాకా కెర్నల్ ప్రింట్‌కే తో చెప్పే మాటలన్నీ ర్యామ్‌లో లాగ్ బఫర్‌లో పోగవుతాయి, కన్సోల్ లేచాక ఒక్కసారిగా బయటికి వస్తాయి. కన్సోల్ లేచేలోపు కూలితే ఒక్కటీ రాదు. దానికే ఎర్లీకాన్. బూట్ ఆర్గ్యుమెంట్స్‌లో ఎర్లీకాన్ అని ఒక్క మాట పెడితే, డివైస్ ట్రీలో స్టడ్‌అవుట్ పాత్ రాసి ఉంటే, ఆ యూఆర్ట్‌ని పోలింగ్‌తో వాడుకుని చాలా ముందు నుంచే మాట్లాడుతుంది. వేగం, క్లాక్ అది మళ్లీ సెట్ చేయక్కర్లేదు, యూబూట్ పెట్టి వెళ్లినవే వాడుకుంటుంది. 32 బిట్ల ఆర్మ్‌లో ఇంకా ముందుకి వెళ్లాలంటే డీబగ్ ఎల్ఎల్ ఉంది, అందులో యూఆర్ట్ అడ్రస్ రెండుసార్లు ఇవ్వాలి, ఫిజికల్ ఒకటి, వర్చువల్ ఒకటి. ఎందుకు రెండు? వర్చువల్ అడ్రస్‌ని ఫిజికల్ అడ్రస్‌గా మార్చే ఎంఎంయూ ఆన్ అయిన క్షణంలో పాత అడ్రస్ పనిచేయదు, అదే అక్షరం అదే రిజిస్టర్‌కి వేరే దారిలో వెళ్లాలి. ఒకటి తప్పిచ్చారంటే సరిగ్గా ఎంఎంయూ దగ్గర మాట పడిపోతుంది, మీరు ఎంఎంయూ కోడ్‌ని అనుమానిస్తారు.

ఇంకో రకం, కెర్నల్ బాగా మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో టక్కున ఆగిపోతుంది. అసలు కన్సోల్ రాగానే ఎర్లీకాన్‌ని కెర్నల్ తీసేస్తుంది, అసలుది సరిగ్గా రాకపోతే అక్కడితో నిశ్శబ్దం. కీప్ బూట్‌కాన్ అని పెడితే తీసేయదు. లేదా వాడని క్లాకులు ఆపేసే చోట, మీ యూఆర్ట్ క్లాక్‌ని ఎవరూ అడగలేదని దాన్నీ ఆపేస్తుంది. సీఎల్‌కే ఇగ్నోర్ అన్‌యూజ్డ్ అని పెట్టి చూడండి, మాట వస్తే దొంగ దొరికినట్టే.

ఏదీ పనిచేయకపోతే ఒక ఉపాయం చెప్తాను, దీన్ని రాసుకోండి. లాగ్ బఫర్ ర్యామ్‌లోనే ఉంది అన్నాను కదా. పవర్ తీయకుండా రీసెట్ బటన్ నొక్కండి, యూబూట్ దగ్గర ఆపండి. కెర్నల్ బిల్డ్ చేసినప్పుడు వచ్చే సిస్టమ్ మ్యాప్ ఫైల్లో లాగ్ బఫ్ అడ్రస్ చూడండి, హెక్స్‌లో సీ0 తో మొదలవుతుంది. అది వర్చువల్. ఏఎం335ఎక్స్‌లో డీడీఆర్ మొదలయ్యేది 80000000 దగ్గర, అందుకని సీ0 ఉన్నచోట 80 పెట్టి, యూబూట్‌లో ఎండీ కమాండ్‌తో ఆ మెమరీ చూడండి. కుడివైపు వరసలో కెర్నల్ చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాటలన్నీ కనిపిస్తాయి. క్యాష్‌లో ఉండిపోయిన ఆఖరి ముక్కలు పోవచ్చు, యూబూట్ ఆ చోట ఏదైనా రాసేసి ఉంటే పోవచ్చు, కానీ చాలాసార్లు దొరుకుతుంది. మొదటిసారి ఇలా చదివినప్పుడు, లేవలేదనుకున్న కెర్నల్ అప్పటికే రెండు వందల లైన్లు మాట్లాడి ఉంది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తు.

ఖర్చు గురించి ఒక్క మాట. ఈ మాటలకి టైమ్ పడుతుంది. సెకనుకి 11,520 అక్షరాలు. 40 వేల అక్షరాల లాగ్ అంటే మూడున్నర సెకన్లు. బూట్ టైమ్ తగ్గించమని అడిగితే మొదట బూట్ ఆర్గ్యుమెంట్స్‌లో క్వయెట్ అని పెట్టి చూడండి, ఆ తర్వాతే మిగతా కష్టం పడండి.

ఇప్పటిదాకా టీఎక్స్ గురించే మాట్లాడాం. ఆర్ఎక్స్‌ని ఎవరూ పట్టించుకోరు. పొలాల్లో నీటి మోటార్ల పక్కన పెట్టే కంట్రోలర్ బాక్సుల మీద పని చేశాను ఒకప్పుడు. ల్యాబ్‌లో వందసార్లు బూట్ చేశాం, ఒక్కసారి ఫెయిల్ కాలేదు. ఫీల్డ్‌లో పెట్టాక కరెంటు పోయి వస్తే కొన్ని లేవట్లేదు. వెళ్లి సీరియల్ కేబుల్ పెట్టగానే బాగా బూట్ అవుతోంది! కేబుల్ పెడితే బాగైపోయే జబ్బు ఏమిటి? ఆలోచించండి ఒక్క నిమిషం. అవును, అక్కడ ఎవరో అన్నారు, ఆర్ఎక్స్ గాల్లో ఉంది. కేబుల్ లేనప్పుడు ఆర్ఎక్స్ పిన్నుని పట్టుకునేవాళ్లు లేరు, లైన్‌ని హైలో పట్టి ఉంచే పుల్అప్ రెసిస్టర్ పెట్టలేదు. పక్కన మోటార్ స్టార్ట్ అయితే ఆ గోల అంతా అక్షరాల్లా లోపలికి వెళ్తోంది. యూబూట్ అక్కడ ఏదైనా కీ నొక్కితే బూట్ ఆపుతాను అని మూడు సెకన్లు కాచుకుని కూర్చుంది. గోలని కీ అనుకుని ఆగి, ప్రాంప్ట్ దగ్గర రాత్రంతా ఎదురుచూసింది. పొలంలో నీళ్లు ఆగిపోయాయి, రైతులు మాటలన్నారు, వాళ్లు అన్నదాంట్లో తప్పులేదు. ఆర్ఎక్స్‌కి ఒక 10 కిలోఓమ్ పుల్అప్, యూబూట్‌లో బూట్‌డిలే మైనస్ 2. సున్నా చాలదు, సున్నా పెట్టినా ఒకసారి కీ కోసం చూస్తుంది, మైనస్ 2 అయితేనే అసలు చూడదు. ల్యాబ్‌లో ఆపుకునే వీలు కావాలంటే ఫలానా మాట టైప్ చేస్తేనే ఆగేలా కీడ్ ఆప్షన్ ఉంది.

ఇంకో కారణం కూడా ఉంది దీనికి. మూత తీసి మూడు వైర్లు పెట్టిన ఎవరికైనా యూబూట్ ప్రాంప్ట్ దొరికిందంటే ఆ బాక్సు వాళ్లదే. ఎన్నో ఇంటి రౌటర్లని ఇలాగే తెరిచారు. బోర్డు మీద సీరియల్ వైర్లు పెట్టే ప్యాడ్లు ఉంచండి, మాట రానివ్వండి, బయటి నుంచి వచ్చే మాటని మాత్రం అమ్మకానికి వెళ్లే బోర్డులో వినకుండా చేయండి.

సరే, టైమ్ అయిందని సైగ చేస్తున్నారు. బల్ల దగ్గరికి రండి. ఈ బోర్డు ఈఎంఎంసీ నిన్న రాత్రి తుడిచేశాను, కార్డు కూడా పెట్టలేదు. కేబుళ్లు ఆరు తెచ్చాను, అన్నీ 3.3 వోల్టులవే. గ్రౌండ్ మొదట పెట్టండి. బాబూ, ఎర్ర వైరు వదిలెయ్యి. పెట్టావా? పవర్ ఇస్తున్నాను, స్క్రీన్ చూడండి. సీ. అదిగో, ఇంకో సీ. ఇప్పుడు దీనికి ఎక్స్‌మోడెమ్‌లో ఎస్‌పీఎల్ పంపిద్దాం, ఎవరు పంపుతారు?